భూతద్దంతో పొగ వస్తోంది, మంట అంటుకోవడం లేదు. ఏం చేయాలి?

ప్రశ్న: మక్తల్ మంద

నమస్తే అందరికీ. మాది మక్తల్ పక్కన పల్లె. మా నాయనకు గొర్ల మంద ఉంది. సంక్రాంతి దాటి ఇక్కడి చేన్లలో మేత అయిపోయాక, మా పెదనాయన వాళ్లతో కలిసి మందను తోలుకొని కృష్ణ ఒడ్డు వెంబడి కిందికి పోతారు. ఎక్కడ మేత దొరికితే అక్కడ, ఏ రైతు తన చేన్లో మంద కట్టమంటే అక్కడ రాత్రికి ఆగుతారు. తొలకరి పడ్డాకే మళ్లీ ఇంటికి వచ్చేది.

వంట అంతా మూడు రాళ్ల పొయ్యి మీదే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఒక్కసారిగా గాలిదుమారం లేచి వాన కొడుతుంది కదా. అప్పుడు సంచులు, దుప్పట్లు, అగ్గిపెట్టెలు అన్నీ తడుస్తాయి. తెల్లారితే మళ్లీ మామూలుగానే ఎండ దంచుతుంది. సన్నకట్టెలు పొద్దెక్కేసరికి ఆరిపోతాయి. కానీ అగ్గిపుల్ల గీస్తే మందు ఊడి చేతికి వస్తుంది. ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇస్తే కవర్ లోపలే చెమ్మ పడుతుంది. లైటర్ కూడా ఇచ్చి పంపాను. గాలికి నిలవదు, గ్యాస్ అయిపోతే దగ్గర్లో దుకాణం ఉండదు. పోయిన వేసవిలో వాన పడిన మర్నాడు మధ్యాహ్నం దాకా వట్టి అటుకులు నమిలి ఉన్నారని పెదనాయన చెప్పాడు. నెత్తి మీద అంత ఎండ పెట్టుకొని అగ్గి లేక పస్తు ఉండటం ఏంటని నాకు చాలా బాధ అనిపించింది.

అందుకే స్టేషనరీ షాపులో ఒక భూతద్దం కొన్నాను. ప్లాస్టిక్‌ది, అడ్డం కొలిస్తే 5 సెంటీమీటర్లు. నోట్‌బుక్ కాగితం మీద ఎండను చుక్కలా పట్టాను. పొగ వస్తుంది, గోధుమరంగు బొక్క పడుతుంది, బొక్క అంచు ఒక్క క్షణం ఎర్రగా మెరిసి ఆరిపోతుంది. మంట మాత్రం రాదు. మెడికల్ షాపు దూది పెట్టి చూస్తే అది ఇంకా అన్యాయం, పొగ కూడా సరిగ్గా రాలేదు. ఎండ తక్కువైందని అనుకోవడానికి లేదు, మిట్టమధ్యాహ్నం, మబ్బు తునక లేదు.

అద్దం చిన్నదైందా? పెద్దది కొనాలా? గాజుదే కావాలా? మా నాయన బడికి పోలేదు. చేతికిచ్చి "ఇట్ల పట్టు, ఇది పెట్టు" అని చూపిస్తే చేసుకునేలా ఉండాలి. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.


జవాబు: నల్లగొండ ఫిజిక్స్ టీచర్

తమ్మీ, నీ అద్దం పనికొస్తుంది. దాని కింద పెట్టే సరుకు మార్చాలి. ఇంకో మాట, అద్దం నుంచి నేరుగా మంట రావాలని చూడకు. అద్దం పని నిప్పు పుట్టించడం వరకే. ఆ నిప్పును ఊది మంట చేసుకోవడం మన పని.

నేను నల్లగొండ జిల్లాలో సర్కారు బడిలో ఫిజిక్స్ చెప్తాను. పదో తరగతిలో కటకాల పాఠం వచ్చినప్పుడు పిల్లలను గ్రౌండ్‌లోకి తీసుకుపోయి ఇదే చేయిస్తాను. అందరూ తెల్లకాగితంతోనే మొదలుపెడతారు, అందరికీ నీకు వచ్చినట్టే గోధుమరంగు బొక్క వస్తుంది. దాని మీద స్కెచ్ పెన్నుతో నల్లటి మచ్చ పెట్టి మళ్లీ పట్టమంటాను. ఆ మచ్చ దగ్గర పొగ లేచే వేగం చూసి పిల్లలు అరుస్తారు. తెల్లటి వస్తువు మీద పడిన వెలుగులో ఎక్కువ భాగం వెనక్కి పోతుంది, నల్లటిది మింగేస్తుంది. ఈ వాక్యం పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా రాని నమ్మకం ఆ ఒక్క మచ్చతో వస్తుంది. నీ దూది పొగ కూడా రాకుండా పోయింది అందుకే. తెల్లగా ఉంది, పైగా పోగుల మధ్య అంతా ఖాళీ. వెలుగు ఒకచోట నిలవకుండా చెదిరిపోతుంది.

అద్దం సంగతి కొంచెం వివరంగా చెప్పనీ, ఎందుకంటే ఇంకో అద్దం కొనేటప్పుడు నీకు పనికొస్తుంది. కింద పడే ఆ చుక్క నిజానికి సూర్యుడి బొమ్మ. సూర్యుడు మనకు ఎంత దూరంలో ఉన్నాడో అందులో దాదాపు 107వ వంతు ఆయన వెడల్పు. అద్దం కింద కూడా అదే లెక్క నడుస్తుంది. అద్దం నుంచి చుక్కకు 20 సెంటీమీటర్లు ఉంటే చుక్క వెడల్పు దాదాపు 2 మిల్లీమీటర్లు. అర మీటరు ఉంటే దాదాపు 5 మిల్లీమీటర్లు. చెయ్యి ఎంత కుదురుగా పట్టినా అంతకన్నా చిన్నది కాదు. అంటే అద్దం వెడల్పు ఎంత ఎక్కువైతే అంత ఎండ పోగవుతుంది, చుక్కకు దూరం ఎంత తక్కువైతే అంత ఇరుకులో పడుతుంది. రెండూ కావాలి.

మబ్బులేని మధ్యాహ్నం ఒక చదరపు మీటరు మీద పడే ఎండ సుమారు 1000 వాట్లు. నీ 5 సెంటీమీటర్ల అద్దం అందులోంచి పట్టేది 2 వాట్లకు కాస్త అటూ ఇటూ. అదే ఏడున్నర సెంటీమీటర్ల అద్దమైతే 4 వాట్ల పైన. వెడల్పు ఒకటిన్నర రెట్లే పెరిగింది, ఎండ రెట్టింపు దాటింది. నువ్వు కొత్తది కొంటే ఏడున్నర సెంటీమీటర్లది కొను, గాజుదైతే మేలు. ప్లాస్టిక్ కూడా పని చేస్తుంది, కాకపోతే ఇసుక తగిలితే గీతలు పడతాయి. గీతలు పడ్డ అద్దం ఎండను చెదరగొడుతుంది. మంద వెంట తిరిగే మనిషి సంచిలో ఇసుక లేకుండా ఎట్లా ఉంటుంది?

ఇప్పుడు మంట ఎందుకు రాదో చూడు. కాగితం వేడెక్కితే ముందు దాన్నుంచి ఆవిరి లాంటి పొగ లేస్తుంది. మంట అంటే ఆ పొగ కాలడమే. అది కాలాలంటే గాలిలో కావలసినంత చిక్కగా పోగవ్వాలి. 2 మిల్లీమీటర్ల చుక్క నుంచి లేచే పొగ ఎంత? చిన్న గాలి వచ్చినా కొట్టుకుపోతుంది. ఈలోగా చుక్క కింద కాగితం మొత్తం కాలిపోయి బొక్క పడుతుంది, వెలుగు కిందికి జారిపోతుంది. నిప్పు అట్లా కాదు. బొగ్గు దశకు వచ్చిన పదార్థం గాలి తగిలి తనంతట తాను కాలుతుంది. ఒక్క గింజంత రాజుకుంటే చాలు, పక్కదాన్ని అదే అంటిస్తుంది.

అందుకు మన దగ్గర ఉన్న అన్నిటికన్నా మంచి సరుకు పిడక. బాగా ఎండిన పిడకను చేత్తో నలిపి పొడి చెయ్యి. పుల్లలు, రాళ్లు తీసెయ్యి. ఒక కొబ్బరి చిప్పలో రెండు వేళ్ల మందాన పోసి, వేలితో మధ్యలో చిన్న గుంట నొక్కు. ఆ గుంటలో చుక్కను పట్టి కదలకుండా ఉంచు. ముందు సన్నగా పొగ, తర్వాత చిక్కటి పొగ, గుంటలో బూడిదరంగు మచ్చ కనపడుతుంది. అప్పుడు తొందరపడి గట్టిగా ఊదితే పొడి ఎగిరిపోతుంది. మెల్లగా, పొడుగ్గా ఊదాలి. మచ్చ కింద ఎరుపు కనపడితే ఇక అద్దం పక్కన పెట్టు. ఆ నిప్పును కొబ్బరి పీచులోనో, తాటి పీచులోనో, చేత్తో మెత్తగా నలిపిన ఎండుగడ్డిలోనో పెట్టి, పీచును వదులుగా మూసి కింది నుంచి ఊదు. మంట అక్కడ వస్తుంది. ఎండిన గొర్రె పెంటికలు నలిపినా ఇంచుమించు ఇదే పని చేస్తాయి, అవి మీ నాయనకు ఎక్కడైనా దొరుకుతాయి.

పట్టే తీరు కూడా ముఖ్యం. అద్దం సూర్యుడికి ఎదురుగా ఉందా లేదా అన్నది చుక్కను చూస్తే తెలుస్తుంది. గుండ్రంగా ఉంటే సరే. ఒకవైపు తోక సాగితే అద్దం వాలింది. పైకీ కిందికీ జరిపి చుక్క అన్నిటికన్నా చిన్నగా ఉన్న దూరంలో ఆపాలి. నిలబడి చేస్తే చెయ్యి వణుకుతుంది. గొంతుక్కూర్చొని మోచేయి మోకాలి మీద ఆనించాలి. గాలి వీచే వైపు వీపు పెట్టాలి.

చాలామంది ఎండాకాలమే కావాలనుకుంటారు. గాలి వేడికీ దీనికీ పెద్ద సంబంధం లేదు. నిప్పు రాజుకోవడానికి వందల డిగ్రీలు కావాలి, బయట 44 ఉందా 28 ఉందా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. ఆకాశం శుభ్రంగా ఉండాలి, సరుకు పొడిగా ఉండాలి. డిసెంబర్ మధ్యాహ్నం కూడా చక్కగా వస్తుంది. కాకపోతే అప్పుడు మన దగ్గర సూర్యుడు దక్షిణం వైపు సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అద్దాన్ని అటు వంచి పట్టాలి. మే మొదటి పది రోజుల్లో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మన ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు కర్రకు నీడే ఉండదు. అప్పుడు అద్దం నేలకు సమాంతరంగా పట్టుకుంటే సరిపోతుంది. రోజులో పది నుంచి మూడు మధ్య మంచి సమయం. పొద్దున, సాయంత్రం వెలుగు ఎక్కువ గాలి దాటి రావాలి కాబట్టి బలం తగ్గుతుంది. పల్చటి తెల్లమబ్బు అడ్డమున్నా చాలు, చుక్క పదును పోతుంది.

ఇక అన్నిటికన్నా నాకు ముఖ్యం అనిపించేది. మీ వాళ్లు వండుకునేది ఎక్కువగా సాయంత్రం కదా. అప్పుడు అద్దం పని చేయదు. కాబట్టి మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడే నిప్పు చేసి, దాన్ని పొద్దుగూకే దాకా నిలుపుకోవాలి. ఒక పిడక అంచుకు నిప్పు అంటించి, మంట లేకుండా రాజుకోనిచ్చి, బూడిదలో కప్పి పెడితే గంటల తరబడి ఉంటుంది. వంట టైముకు బూడిద తీసి ఊదితే చాలు. మా నాయనమ్మ వాళ్ల కాలంలో ఇంట్లో నిప్పు ఆరిపోతే పిడక ముక్క పట్టుకొని పక్కింటికి పోయేవాళ్లు. అగ్గిపెట్టె ఖర్చు మిగులుతుందని అట్లా చేసేవాళ్లు.

పెద్ద పెద్ద చోట్ల కూడా ఇదే పద్ధతి. ఒలింపిక్ జ్యోతిని గ్రీసు దేశంలో ఒలింపియా అనే చోట పుటాకార దర్పణంతో, అంటే గిన్నెలా లోపలికి వంగిన అద్దంతో, సూర్యుడి వెలుగుతోనే వెలిగిస్తారు. 2024 పారిస్ ఒలింపిక్స్ కోసం ఏప్రిల్‌లో వెలిగించే రోజు మబ్బు పట్టింది. ముందు రోజు రిహార్సల్‌లో ఎండతో వెలిగించి దాచిన మంట ఉంది కాబట్టి దాన్నే వాడారు. ఎండ ఉన్నప్పుడు చేసి దాచుకున్నారు, అంతే.

ఒక్క హెచ్చరిక. అద్దంలోంచి సూర్యుడి వైపు చూడకూడదు, ఎవరినీ చూడనివ్వకూడదు. కంటి లోపలి పొర కాలిపోతుంది. అక్కడ నొప్పి తెలియదు, కాబట్టి కాలుతున్నట్టు కూడా తెలియదు. కింద పడే చుక్క వైపు కూడా అదేపనిగా చూడొద్దు. నల్ల కళ్లద్దాలు ఉంటే పెట్టుకొని, చుక్క మీద కాకుండా పక్కన లేచే పొగ మీద చూపు పెట్టమను.


జవాబు: కళ్లద్దాల షాపు, మిర్యాలగూడ

సార్ చెప్పినదానికి నా వృత్తి వైపు నుంచి కొంచెం కలుపుతాను. చాలామంది "కళ్లజోడుతో నిప్పు వస్తుందా" అని నన్ను అడుగుతుంటారు. దూరం చూపు ఆనని వాళ్లు పెట్టుకునే మైనస్ నంబర్ అద్దాలతో ఎన్నటికీ రాదు. అవి వెలుగును విడదీస్తాయి, కలపవు. పిల్లల కథల్లో, సినిమాల్లో ఇది తప్పుగా చూపిస్తుంటారు, చూసినప్పుడల్లా నాకు మనసు ఒప్పుకోదు.

చదువుకోవడానికి పెట్టుకునే ప్లస్ నంబర్ అద్దాలు వెలుగును కలుపుతాయి. లెక్క సులువు. వందను నంబర్‌తో భాగిస్తే వచ్చేది సెంటీమీటర్లలో దూరం. ప్లస్ 2 అంటే 50 సెంటీమీటర్లు. సార్ లెక్క ప్రకారం చుక్క దాదాపు 5 మిల్లీమీటర్లు వస్తుంది, అంత పెద్ద చుక్కతో పిడక పొడి రాజుకోవడం కష్టం. అలాంటివి రెండు జోళ్లు ఒకదాని మీద ఒకటి ఆనించి పట్టుకుంటే ప్లస్ 4 లాగా పని చేస్తాయి, దూరం 25 సెంటీమీటర్లకు తగ్గుతుంది, చుక్క సగమవుతుంది.

అసలు మంచివి వేరే ఉన్నాయి. పాతకాలంలో శుక్లం ఆపరేషన్ చేస్తే కంట్లో లెన్స్ పెట్టేవాళ్లు కాదు, బయట మందపాటి సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవాళ్లు. అవి ప్లస్ 10 దగ్గర ఉంటాయి. అంటే దూరం 10 సెంటీమీటర్లు, చుక్క ఒక్క మిల్లీమీటరు. అద్దం చిన్నదే అయినా చుక్క చాలా ఇరుకు కాబట్టి గట్టిగా కాలుతుంది. మీ ఇంట్లో తాతవో నాయనమ్మవో అలాంటి అద్దాలు పెట్టెలో పడి ఉంటే ఒకసారి ఎండలో పట్టి చూడండి. ఇప్పుడు అందరికీ లోపలే లెన్స్ పెడుతున్నారు కాబట్టి కొత్తవి దొరకడం కష్టం.

భూతద్దం కొనేటప్పుడు డబ్బా మీద రాసిన నంబర్లను నమ్మొద్దు. షాపులో ట్యూబులైటు కింద పట్టి గల్లా మీద ట్యూబులైటు బొమ్మ సన్నగా, స్పష్టంగా పడే దూరం చూడండి. అది 15 నుంచి 20 సెంటీమీటర్ల మధ్య ఉంటే తీసుకోండి. లైటు దగ్గర్లో ఉంటుంది కాబట్టి ఎండలో ఆ దూరం ఇంకాస్త తగ్గుతుంది. ప్రేము లోహానిదైతే ఎండలో వేడెక్కుతుంది, పిడి ప్లాస్టిక్‌దో చెక్కదో చూసుకోండి.


మక్తల్ మంద

సార్, అన్నా, ఇద్దరికీ చాలా ధన్యవాదాలు. పిడక పొడితో పెట్టాను, అదే చిన్న ప్లాస్టిక్ అద్దంతోనే. ఎరుపు కనపడింది! పీచులో పెట్టి ఊదితే మంట వచ్చింది. మా నాయనకు ఫోన్ చేసి చెప్తే ముందు నమ్మలేదు, వీడియో కాల్‌లో చూపించాను. "ఊదుడు నాకు చెప్తావురా, అద్దం పంపు" అన్నాడు. పొయ్యి ఊదడం ఆయనకు పుట్టినప్పటి నుంచి వచ్చు, నాకన్నా బాగా చేస్తాడు.

ఇంకో అనుమానం. రాత్రి వానకు పిడకలు కూడా తడుస్తాయి కదా. తెల్లారి ఎండ ఉన్నా పొడి సరుకు ఎక్కడి నుంచి తేవాలి? మబ్బు రెండు రోజులు కదలకపోతే ఏంటి? నడిచేటప్పుడు నిప్పును వెంట తీసుకుపోవడం కుదురుతుందా?


జవాబు: అచ్చంపేట

తమ్మీ, మీ వాళ్లు కృష్ణ వెంబడి కిందికి వస్తారన్నావు కాబట్టి ఇది రాస్తున్నా. కొల్లాపూర్, సోమశిల దాటితే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అడవి మొదలవుతుంది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకొని 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. నేను అక్కడ ఫైర్ వాచర్‌గా పనిచేశాను. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా మాకు కంటి మీద కునుకు ఉండదు. టేకు ఆకు రాలి మోకాలి కింద దాకా పేరుకుంటుంది, బోద గడ్డి ఎండి నిలబడి ఉంటుంది. ఒక్క చోట అంటుకుంటే గాలికి గుట్ట ఎక్కుతుంది, కొమ్మలు విరిచి కొట్టి ఆర్పడమే, ట్యాంకర్లు లోపలికి రావు. మన దేశంలో అడవి మంటల్లో చాలావరకు మనుషుల వల్ల పుట్టేవే. గాజు సీసా మీద ఎండ పడి అంటుకుందని చెప్పేవాళ్లు ఉంటారు. మేము చూసిన వాటిలో దారి పక్కన, వంట చేసిన చోట, బీడీ పారేసిన చోట మొదలైనవే ఎక్కువ.

అభయారణ్యంలో అడవికి ప్రమాదం వచ్చేలా నిప్పు రాజేయడం, మండుతున్న నిప్పు వదిలిపోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ ప్రకారం నేరం. అద్దమైనా అగ్గిపుల్లైనా అడవి గీత లోపల వద్దే వద్దని మీ నాయనకు గట్టిగా చెప్పు. బయట చేన్లలో చేసుకునేటప్పుడు కూడా వరికొయ్యలు, గడ్డివాములు, పత్తికట్టె కుప్పలకు దూరంగా, చుట్టూ మట్టి గీకి చేసుకోవాలి.

పిడక నిప్పు మీద ఒక మాట. అది మండదు కాబట్టి ఆరిందనిపిస్తుంది. పైన తెల్ల బూడిద, లోపల ఎర్రగా ఉంటుంది. లేచి పోయేటప్పుడు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చేయి దగ్గర పెట్టి చూసి అప్పుడు కదలాలి. నడకలో నిప్పు తీసుకుపోవాలంటే సంచిలో, గుడ్డలో అసలు వద్దు. మూత ఉన్న పాత డబ్బాలో అడుగున బూడిద, మధ్యలో నిప్పున్న పిడక, పైన మళ్లీ బూడిద. మూతకు చిన్న చిల్లు. డబ్బాకు తీగ కట్టి చేత్తో పట్టుకోవాలి. గాలి దుమారం లేచిన రోజు అది కూడా వద్దు, ఉన్నచోటే ఆర్పేయండి.

మబ్బు రెండు రోజులు ఉంటే ఏంటి అన్నావు. మా తాత మొలతాడుకు ఎప్పుడూ చెకుముకి సంచి ఉండేది. పలుగురాయి, ఉక్కు ముక్క, బూరుగు దూది. చెంచు పెద్దల దగ్గర కూడా చూశాను. రాయి అంచుతో ఉక్కును కొడితే ఉక్కు నుంచి రవ్వలు రాలతాయి, దూదిని దగ్గర పట్టుకుంటే రవ్వ అందులో పడుతుంది. రాత్రి, మబ్బు, ఏదీ అడ్డం కాదు. పాత ఆకురాయి ముక్క ఉంటే ఉక్కుగా పనికొస్తుంది. అద్దం ఇవ్వు, చెకుముకి కూడా ఇవ్వు.


జవాబు: నల్లగొండ ఫిజిక్స్ టీచర్

అచ్చంపేట అన్న చెప్పింది ప్రతి అక్షరం పాటించు తమ్మీ, ముఖ్యంగా అడవి గురించి.

రెండింటికీ సరిపోయే సరుకు ఒకటి ఇంట్లోనే చేసుకోవచ్చు, తడవకుండా దాచడం కూడా తేలిక. మాడ్చిన గుడ్డ. పాత నూలు పంచె తీసుకొని అరచేతి సగమంత ముక్కలు కత్తిరించు. నూలుదే కావాలి, టెర్రీకాటన్ కలిస్తే కరిగి ముద్దవుతుంది. గట్టి మూత ఉన్న చిన్న రేకు డబ్బాలో ముక్కలు వదులుగా పెట్టి, మూతకు మేకుతో ఒక చిల్లు కొట్టు. రంగు పూత ఉన్న డబ్బా అయితే ముందు ఖాళీగా ఒకసారి కాల్చు. ఆ డబ్బాను ఆరుబయట పొయ్యి బొగ్గుల మీద పెడితే చిల్లులోంచి పొగ వస్తుంది. పొగ ఆగిపోయాక కిందికి దించి, చిల్లు మూసి, పూర్తిగా చల్లారేదాకా తెరవకు. వేడి మీద మూత తీస్తే గాలి తగిలి లోపలిదంతా కాలిపోతుంది. గుడ్డ నల్లగా, తెగకుండా ఉంటే సరిగ్గా కుదిరినట్టు. ఇంకా గోధుమరంగు ఉంటే మళ్లీ బొగ్గుల మీద పెట్టాలి. పట్టుకుంటే పొడైపోతే ఎక్కువ కాలింది.

ఇది నల్లగా ఉంటుంది కాబట్టి ఎండ చుక్కను మొత్తం మింగుతుంది. అప్పటికే బొగ్గు కాబట్టి రాజుకోవడానికి ఎక్కువ వేడి అడగదు. నీ చిన్న అద్దం కింద పెట్టి చూడు, పిడక పొడి కన్నా ఎంత తొందరగా ఎరుపెక్కుతుందో నీకే తెలుస్తుంది. చెకుముకి రవ్వ కూడా దీని మీద పడితే నిలుస్తుంది. పంచె మూరెడు ముక్కతో సీజన్‌కు సరిపడా వస్తుంది. వెడల్పు మూతి ఉన్న చిన్న ప్లాస్టిక్ సీసాలో కొంచెం గుడ్డ, ఇంకో దాంట్లో పిడక పొడి, కాస్త పీచు పెట్టి మూత బిగించి ఇవ్వు. గుడ్డ పూర్తిగా చల్లారిందని తాకి చూశాకే సీసాలో పెట్టు. పెద్ద పిడకలు తడిసినా పర్వాలేదు, నిప్పు పుట్టించేంత పొడి సరుకు సీసాలో ఉంటుంది. అటుపైన ఎండిన సన్నకట్టెలు ఉన్నాయి కదా.

మా పిల్లలకు ఒక సంగతి చెప్తుంటాను, నీకూ చెప్పాలనిపిస్తోంది. 1774 ఆగస్టు 1న ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే ఆయన అడుగు వెడల్పు అద్దంతో ఎండను పట్టి ఎర్రటి పాదరస భస్మాన్ని వేడి చేశాడు. దాన్నుంచి వచ్చిన వాయువులో కొవ్వొత్తి మామూలు గాలిలో కన్నా ధగధగా మండింది. అదే ఆక్సిజన్. మీ నాయన మెల్లగా ఊదినప్పుడు నిప్పు ఎర్రబడేది కూడా ఆ ఆక్సిజన్ అందడం వల్లే. ఒక అద్దం, కొంచెం ఎండ. అంతటి ప్రయోగానికి కూడా అవే సరిపోయాయి.


మక్తల్ మంద

సార్, గుడ్డ మాడ్చాను, నల్లగా వచ్చింది. నాయనమ్మ పెట్టెలో సోడాబుడ్డి జోడు కూడా దొరికింది, ఒక అద్దం పగిలింది, ఒకటి బాగుంది. ఆ ఒక్కదాన్నే నాయనకు పంపనా, లేక పెద్ద భూతద్దం కొననా? ఇంకోటి, అద్దం సంచిలో ఉండగా ఎండ తగిలితే సంచే అంటుకుంటుందా?


జవాబు: నల్లగొండ ఫిజిక్స్ టీచర్

రెండూ పంపు. సోడాబుడ్డి అద్దాన్ని మాడ్చిన గుడ్డ మీద వాడమను, పిడక పొడి మీద పెద్దది వాడమను. పాత అద్దం అంచు చేతికి గీరుకోకుండా టేపు చుట్టు.

రెండో దానికి, అవును, జరగొచ్చు. అద్దం బయటికి కనపడేలా సంచి జేబులో పెడితే చుక్క గుడ్డ మీద పడే అవకాశం ఉంది. దుప్పటి మీద, గడ్డి మీద, ట్రాలీ ఆటో ముందు అద్దం దగ్గర విప్పి పెట్టి మర్చిపోవడం కూడా అంతే. మందపాటి నల్లగుడ్డ సంచి కుట్టి, మూతికి దారం బిగించి ఇవ్వు. గీతలు పడకుండా కూడా అదే కాపాడుతుంది. వాడాక వెంటనే సంచిలో వేసి దారం బిగించమని చెప్పు. మందతో పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్ల చేతికి మాత్రం ఇవ్వొద్దను.